కాశమ్మత్త రంగూను తీపి

మనవరాలు సింధు ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువు చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ తలా ఒక వస్తువు ఇచ్చి, నా ముందు మాత్రం ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టింది. "అవ్వా, నీకు పళ్ళు లేవు కదా, ఇది మెత్తగా ఉంటుంది, తిను" అని మూత తీసింది. లోపల అరటాకు పరిచి, దాని మీద ముదురు బెల్లం రంగులో ఏదో సర్ది ఉంది. బీకో అంటారట. అక్కడ పండగైనా పుట్టినరోజైనా అది లేకుండా జరగదట. చాకుతో ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టింది. చూస్తే అన్నం మెతుకులు. ఒక్కొక్క మెతుకూ విడిగా కనబడుతోంది, ఏదీ చితకలేదు, అయినా ఏదీ పక్కదాన్ని వదలడం లేదు. కొబ్బరిపాల వాసన, పాకం వాసన. నోట్లో పెట్టుకోకముందే నాకు ఒళ్ళు మండింది. "ఇందులో ఏం కలిపి అంటిస్తారే?" అని అడిగాను. "ఏమీ కలపరవ్వా, ఆ బియ్యమే అంత. వండితే అంటుకుంటాయి" అంది పిల్ల, లోకంలో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. ఆ ఒక్క మాట మమ్మల్ని నమ్మించడానికి మా మేనత్త కాశమ్మ మూడేళ్ళు తల కొట్టుకుంది. ఒక్కరూ నమ్మలేదు. "ఏం, బాగలేదా?" అని సింధు నా ముఖం చూసి అడిగింది. బాగుంది. బాగుండటమే నా ఏడుపు.

మా ఊరు బేస్తవారిపేటకు నడిచి పోతే గంట దూరం. ఆ రోజుల్లో మాకు జిల్లా కచేరీ కర్నూల్లో, అంతకన్నా పెద్దది మద్రాసులో ఉండేవి. ఆ రెండు ఊళ్ళలో దేన్నీ మా ఇంట్లో ఎవరూ చూడలేదు. అటు గిద్దలూరు, ఇటు దొనకొండ, అంతటితో మా లోకం సరి. అంతా మెట్ట. జొన్న, కొర్ర, కంది, ఆముదాలు. నాయనకు సేద్యంతో పాటు ముప్పై దాకా గొర్రెలు ఉండేవి. ఇల్లంతా ఆముదం కాచిన వాసన, దొడ్డి వైపు పోతే గొర్రెల వాసన, పొయ్యి దగ్గర ఉలవలు ఉడికే వాసన. కోడి కూసే వేళకు తిరగలి చప్పుడు మొదలయ్యేది. పూట పూటకూ జొన్నసంకటి, దాన్లోకి ఊరిమిండి పచ్చడి. విసుగొచ్చిన రోజున కొర్రన్నం. వరి అన్నమంటే ఏడాదికి ఐదారు సార్లు. కంభం చెరువు కింద పండిన బియ్యం ఒక్క బస్తా తెచ్చి అవ్వ, అంటే నాయన తల్లి, చీకటిగదిలో కుండలకు పోసి, మూతికి గుడ్డ కట్టి, ఆ ముడి తాను తప్ప ఇంకొకరు విప్పకుండా చూసుకునేది.

ఆ బియ్యం వండిన రోజు అవ్వ పరీక్ష ఉండేది. గరిటెడు అన్నం తీసి చాటలో చల్లి, చాట కొంచెం వంచేది. మెతుకులు దేనికది జారాయా, తల ఊపేది. రెండు మెతుకులు అతుక్కుని కనిపించాయా, వండిన మనిషి ఆ పండగ పూట తలెత్తలేదు. "అన్నమా ఇది, గోడకు కాగితం అంటించను పనికొస్తాది" అని మా అమ్మను ఎన్నిసార్లు ఏడిపించిందో. ఏడాది పొడుగునా సంకటి తినే ఇల్లు మాది. అన్నం గురించి తీర్పులు చెప్పడంలో మాత్రం కృష్ణ కాలవల కింది వాళ్ళు కూడా మా ముందు దిగదుడుపే.

కాశమ్మత్త నాయనకు చెల్లెలు. ఆమెను దొనకొండ దగ్గరి సంబంధానికి ఇచ్చారు. మామ పెళ్ళయిన ఏడాదికే రంగూను వెళ్ళి బియ్యం మిల్లులో పనికి కుదిరి, తర్వాత ఈమెను పిలిపించుకున్నాడు. నేను పుట్టకముందు సంగతి అది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, రంగూను మీద బాంబులు పడ్డాయని సంతలో చెప్పుకుంటుండగా, ఒక మధ్యాహ్నం నల్లగా ఎండిపోయిన ఒక ఆడమనిషి మా పంచలో వచ్చి కూర్చుంది. చేతిలో చిన్న మూట. అవ్వ గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. కొండలూ అడవులూ దాటి నడిచి వస్తుంటే దారిలో వాంతిభేదులు తగిలి మామ పోయాడని, మిగతా దారి ఒక్కతే నడిచి, రైళ్ళు మారి కంభంలో దిగానని నాలుగు మాటల్లో చెప్పింది. ఆ నడక గురించి తర్వాత ఎవరెన్నిసార్లు అడిగినా ఇంకో మాట చెప్పలేదు. కానీ రంగూనులో ఏం తినేవాళ్ళని అడిగితే చాలు, సాయంత్రం దాకా చెప్పేది.

చెప్పేది ఆ తీపి గురించే. పక్కింటి ఆ దేశపు మనిషి ఆమెకు నేర్పింది. దాని అసలు పేరు మా నోళ్ళు తిరగక అందరం రంగూను తీపి అనేవాళ్ళం. అంటుకునే బియ్యమని అక్కడ వేరే రకం దొరుకుతుందట. దాన్ని రాత్రి నానబోసి, తెల్లారి నీళ్ళలో వేయకుండా వెదురుబుట్టలో పోసి ఆవిరి మీద ఉడికించాలి. కొబ్బరిపాలలో బెల్లం కరిగించి, తీగ సాగేదాకా కాచి, ఆ అన్నాన్ని అందులో వేసి కలియబెట్టాలి. చెయ్యి పడిపోయేదాకా కలపాలి. తర్వాత అరటాకు మీద పరిచి, పైన వేయించిన నువ్వులు చల్లి, ఆరాక దారంతో కొయ్యాలి. దారంతో కొయ్యడం చూపించేటప్పుడు ఆమె చూపుడువేళ్ళు రెండూ గాలిలో అట్లా సాగేవి. తెల్లారి మిల్లు గేటు ముందు కూర్చుంటే గంటలో తట్ట ఖాళీ అయ్యేదట. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె వీపు నిటారుగా ఉండేది. మిగతా రోజంతా మా ఇంట్లో ఆమె వీపు తిరగలి మీదకు వంగే ఉండేది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఆడదానికి ఆ రోజుల్లో ఏ చోటు దొరుకుతుందో ఆ చోటే ఆమెకూ దొరికింది. అందరికన్నా ముందు లేవాలి, అందరి తర్వాత తినాలి, ఎవరు కసిరినా ఊఁ అనాలి.

వచ్చిన నాలుగు నెలలకు ఆమె నాయనను అడిగింది. "అన్నా, కంభం టేసను కాడ నాకొక పాక ఏసియ్యి. రైలు దిగేటోళ్ళకు ఆ తీపి చేసి అమ్ముకుంటా. నా బతుకు నేను బతుకుతా, మీ మింద పడి ఉండను."

నాయన చెడ్డవాడు కాదు. గొర్రెల మెడలు నిమిరినంత మెత్తగా మాట్లాడేవాడు. "ముందు ఇంట్లో చేసి పెట్టు కాశమ్మా. అమ్మ తిని బాగుందంటే పాక నేనే ఏపిస్తా. ఎవరూ తినని దానికి పాక ఎందుకు?" అన్నాడు. న్యాయమైన మాటే. ఆ న్యాయమే ఆమె కొంప ముంచింది.

మొదటిసారి ఏరువాక పున్నమి నాడు అవ్వ ఆమెకు ఒక మానిక బియ్యం కొలిచి ఇచ్చింది. ఎద్దులకు పసుపు పూసే హడావుడిలో కూడా నేను పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. అత్త అన్నీ చెప్పినట్టే చేసింది. కానీ అవి అవ్వ ఏరి ఏరి తెప్పించిన కంభం బియ్యం. ఏడాది పాతబడినవి. ఆవిరి మీద ఎంతసేపు పెట్టినా దేనికది రాయిలాగే ఉన్నాయి. పాకంలో వేస్తే పాకం పాకంగా, మెతుకు మెతుకుగా విడిపోయాయి. ఆకు మీద పరిస్తే పరుచుకోలేదు, జారింది. "ఈ బియ్యం కాదమ్మా, ఆ బియ్యం జాతే ఏరు. వాటి గుణమే అంటుకోడం" అంది అత్త. అవ్వ చాట కింద పెట్టి, "బియ్యం యాడైనా బియ్యమే. ఆడలేక మద్దెల ఓడనిందంట నీలాంటిదే" అంది. ఆ మాటకు పంచలో కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. బియ్యాన్ని కొలతలతో చూసిన వాళ్ళు, బస్తాలతో, మిల్లులతో చూసిన మనిషిని చూసి నవ్వారు.

రెండోసారి మరుసటి ఏడు. కొత్తబియ్యమైతే జిగురు ఉంటుందని అత్తే ఆలోచించింది. కోతలప్పుడు కంభం వెళ్ళిన నాయనను బతిమాలి కొత్తవి తెప్పించింది. అప్పటికి యుద్ధం వల్ల సర్కారు కంట్రోలు వచ్చి బియ్యం దొరకడమే కష్టం, ఆ తెచ్చినవాటి మీద అవ్వ చూపు ఎట్లా ఉండేదో చెప్పలేను. కొత్తబియ్యం అంటుకోవడం నిజమే కానీ అది చితికి అంటుకోవడం. ఆవిరికే ముద్దయి, పాకంలో పడేసరికి జావ అయింది. ఊళ్ళో దానికి రంగూను జావ అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఎవరైనా కొంచెం గొప్ప చెప్పుకుంటే చాలు, "అది రంగూను జావలే" అనడం మా ఊరి వాడుక అయిపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. అత్త మీదా కోపమే, ఇంకో రకంగా చెయ్యొచ్చు కదా, అన్నిసార్లూ అదే మాట ఎందుకని.

మూడోసారికి నాయన గట్టిగా చెప్పాడు. "ఇదే కడపటిసారి. ఇది కాకుంటే ఇంక ఆ పాక మాట ఎత్తొద్దు." ఆ రోజు అవ్వ, నాయన, ఊరి పెద్దాయన ఒకరు, అందరూ తిని తీర్పు చెప్పాలి. నాకు అప్పటికి పన్నెండేళ్ళు వస్తున్నాయి. అత్త గెలవకపోతే నాకు అన్నం సయించదన్నంత పట్టుదల. ఆలోచించి ఆలోచించి నాకొక ఉపాయం తోచింది. మా ఇంట్లో తపసి బంక, ఆ పేరు చెట్టు నుంచి కారే జిగురు, ఉండేది. నల్లమల నుంచి చెంచులు తెస్తే నాయన యర్రగొండపాలెం సంతలో తీసుకునేవాడు. ఎండాకాలంలో ఒంటికి చలవ చేస్తుందని చిటికెడు నీళ్ళలో నానబెట్టుకుని తాగేవాళ్ళం. చిటికెడు వేస్తే గిన్నెడు ఉబ్బేది. తినే వస్తువే, అంటుకునే వస్తువే. ఇంక కావలసిందేముంది? అత్త బావికి వెళ్ళినప్పుడు పిడికెడు బంక రోట్లో దంచి కొబ్బరిపాలలో కలిపేశాను.

అత్త వచ్చి గరిటె పెట్టి తిప్పింది. "ఈసారి పాలెంత చిక్కగా వచ్చినాయో చూడు పాపా" అంది. ఆ సంతోషం చూసి నేను నిజం చెప్పలేకపోయాను. బెల్లం వేసింది, అన్నం వేసింది. మెతుకులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆమె కలుపుతూ కలుపుతూ ఒక్కసారి నా వైపు చూసి నవ్వింది. మా ఇంటికి వచ్చాక పళ్ళు కనబడేటట్టు ఆమె నవ్వడం అదే మొదలు. అంతలో, పొయ్యి మీద బాగా కాగేసరికి పులిసిపోయిన గంజి లాంటి వాసన ఒకటి లేచింది. తపసి బంకకు ఆ వాసన ఉంటుందని నాకు తెలియదు. అత్త ముక్కు ఎగబీల్చింది, గిన్నెలోకి వంగి చూసింది. అప్పటికే పంచలో అందరూ కూర్చున్నారు.

ఆరాక దారంతో తెగదు, కత్తి దిగదు. కొడవలితో కోసి ముక్కలు పెట్టింది. అవ్వ నోట్లో పెట్టుకుని దవడ ఆడించింది. ఒకసారి, రెండుసార్లు. తర్వాత దవడ ఆగిపోయింది. ముక్కను బయటికి లాగితే దాంతో పాటు ఎన్నాళ్ళుగానో ఊగుతున్న ముందరి పన్ను కూడా వచ్చింది. మా తమ్ముడు తిరుపాలు, ఎనిమిదేళ్ళవాడు, నవ్వు ఆపుకోలేక దొడ్డిలోకి పరుగెత్తాడు. అవ్వ ఆ ముక్కను వెలుతురులో పట్టుకుని చూసింది. నేను సరిగా నూరలేదు. జొన్నగింజంత బంక పలుకు ఒకటి దాన్లో మెరుస్తోంది. "బంక," అంది అవ్వ. "బంక పెట్టి అంటించింది. ఇన్నాళ్ళూ ఇదా తల్లీ నీ రంగూను బియ్యం?"

అత్త ఆ పలుకును చూసింది. తర్వాత నా చేతుల్ని చూసింది. వేళ్ళ సందుల్లో బంకపిండి ఎండి తెల్లగా అంటుకుని ఉంది. చెప్పేస్తుంది, నాయన బెత్తం తీస్తాడు, తీస్తే తీశాడు, కనీసం అత్త మోసం చేయలేదని తేలుతుంది అనుకున్నాను. అనుకున్నానే గానీ చేతులు వెనక్కి దాచుకున్నాను. "నేనే ఏసినానమ్మా," అంది అత్త. "ఎట్లయినా నిలబడాలని ఏసినా."

నాయన తుండు దులుపుకుని గొర్రెల దొడ్డి వైపు వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడు బావి దగ్గర నేను అత్తను పట్టుకుని ఏడ్చాను. "నేను చెప్తా అత్తా, ఇప్పుడే పోయి నాయనతో చెప్తా" అన్నాను. ఆమె కడవ కడుగుతూనే ఉంది. "చెప్పి ఏం చేస్తావు? నువ్వు చెప్పినా నమ్మరు. తప్పించుకోను పసిపిల్ల చేత అబద్ధం చెప్పిచ్చినానంటారు. దానికన్నా ఇదే మేలు. పోనీలే." ఆ పోనీలే అన్న మాట మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. పోనివ్వడానికి అదేమన్నా తెగిన చెప్పా? ఆమె బతుకు కదా. ఆ మాట అనకుండా నన్ను చెయ్యి పట్టుకుని నాయన ముందుకు ఈడ్చుకుపోయి ఉంటే నేను చెప్పేదాన్ని. తప్పు చేసింది నేను, ఎదురుతిరగాల్సింది ఆమె అని ఇన్నేళ్ళూ నాలో నేనే వాదించుకున్నాను, సిగ్గులేకుండా.

ఇంతటితో అయిపోయినా నేను కొంత క్షమించుకునేదాన్ని. అయిపోలేదు. పద్నాలుగో ఏట నాకు మార్కాపురం పోయి చదువుకోవాలని ఆశ. ఇంట్లో ఆ మాట నలుగుతోంది. ఒకరోజు అత్త తిరగలి ఆపి, "మీ నాయనతో నేను మాట్లాడతా. రంగూన్లో ఆడపిల్లలు బడికి పోవడం కాదు, దుకాణాలే నడుపుతారు. ఆ సంగతి చెప్తా" అంది. నాకెందుకో మంటెత్తింది. ఆమె నోట రంగూను మాట వస్తే నాయన నవ్వి, నా చదువు కూడా ఆ జావలోనే కలిపేస్తాడని భయం. "నువ్వు మాట్లాడొద్దు అత్తా. నీ రంగూను కబుర్లు ఎవరు నమ్ముతారు? ఆ బియ్యం ఉంటే గదా, ఆ దుకాణాలు ఉండేది" అన్నాను. బంక వేసింది నేను. ఆ సంగతి నాకు తెలుసు. కానీ మొదటి రెండుసార్లు నేనేమీ వేయలేదే, అప్పుడు కూడా నిలబడలేదే అని నాకు నేను ఎప్పుడో సర్దిచెప్పుకున్నాను. అంటుకునే బియ్యమంటూ లోకంలో లేవని, ఆమె పోగొట్టుకున్న ఊరిని గొప్పగా చెప్పుకోవడానికి కల్పించిందని, ఊరందరిలాగే నేను కూడా నమ్మేశాను. అత్త గుప్పెడు జొన్నలు తిరగలి కంట్లో పోసి, పిడి పట్టుకుంది. ఆ తర్వాత నాతో కూడా రంగూను ఊసెత్తలేదు. నేను మార్కాపురం వెళ్ళాను, చదివాను, పంతులమ్మనయ్యాను. ఆమె ఆ తిరగలి దగ్గరే ముసలిదై, ఆ ఇంట్లోనే పోయింది.

ఇప్పుడు చూడండి. సంకటి తిన్న మా ఊళ్ళో ఇంటింటా మూడు పూటలా వరి అన్నమే. జొన్నలు కావాలంటే షుగరు వచ్చినవాళ్ళు మార్కాపురం దుకాణంలో ఎక్కువ ఖరీదు పెట్టి కొనుక్కుంటున్నారు. అంటుకునే బియ్యం కావాలని అడిగితే సింధు నా ముందే ఫోను నొక్కింది. నాలుగో రోజుకు ఒక కుర్రాడు గుమ్మంలోకి తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. మూడేళ్ళు ఒక మనిషి దేని కోసం అలమటించిందో ఆ బియ్యం, సీలు వేసిన కిలో సంచీ. పొట్టి గింజలు, సున్నం లాగా తెల్లగా. అత్త చెప్పింది చెప్పినట్టు చేశాను, ఒక్క మెట్టు తప్పలేదు, అన్నీ గుర్తున్నాయి. మొదటిసారికే నిలబడింది. ఎక్కడైనా కొంచెం చెడిపోతే బాగుండునని గరిటె తిప్పినంతసేపూ కోరుకున్నాను. చెడలేదు. దారంతో కోస్తే తెగింది.

ఆనాడు పంచలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మా తమ్ముడు ఒక్కడే. ఆ బంక కథను వాడు ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించాడో లెక్కలేదు. అవ్వ పన్ను వాడి కథలో ఒకటి నుంచి మూడయింది. డబ్బాలో ముక్కలు సర్దుకుని, సింధును తోడు తీసుకుని బస్సెక్కి ఊరికి వెళ్ళాను. వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒక ముక్క తీసి చేతిలో పెట్టాను. నమిలాడు, మింగాడు.

"బాగుందక్కా. మెత్తగా ఉంది. బంక ఎంత ఏసినావు?"

"ఏమీ ఏయలేదురా. ఆ బియ్యమే అట్ల. అత్త చెప్పిన బియ్యం ఇవే."

"అత్త కూడా ఇదే చెప్పె గదా," అని నవ్వాడు.

"తిరుపాలూ, నవ్వడం ఆపి ఇను. ఆ పొద్దు పాలల్లో బంక కలిపింది అత్త కాదు. నేను. కలిపేటప్పుడు అత్తకు తెలీదు."

వాడు నవ్వడం ఆపాడు. నా ముఖంలోకి చూశాడు. నమ్ముతున్నాడనే అనుకున్నాను. "ఎందుకక్కా ఇప్పుడు ఇట్ల చెప్తావు?" అన్నాడు మెల్లగా, జాలిగా. "అత్త తన నోటితో ఒప్పుకున్నాది. దొడ్డిలో నుంచి నా చెవులతో నేను ఇన్నా. పోయిన మనిషిని మంచిదాన్ని చేయాలని తప్పు నీ మింద ఏసుకుంటావా?"

"నా కోసం ఒప్పుకుందిరా."

"సరేలే. నువ్వు మొదట్నించీ అత్త పక్షమే," అని ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు.

పెట్టాను. నేను మొదటి నుంచీ అత్త పక్షం కాను. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది, తిరగలి దగ్గర.